నాలో మిగిలిన చుక్క నూనె

నేను ఒక బౌలింగ్ బంతిని. పుట్టి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో ఒక్కసారి కూడా గట్టర్లో పడలేదు. గట్టరంటే మేం దొర్లే చెక్కదారికి రెండు పక్కలా ఉండే కాలువ. చేతకాని బంతులు అందులో పడి, దారి చివర సీసాల్లా నిలబెట్టిన పది పిన్నుల్లో ఒక్కదాన్నైనా ముట్టుకోకుండా, దొంగల్లా వెనక్కి జారుకుంటాయి. ఆ కాలువ ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు.

చల్లగా ఉంటుంది. సగం దూరంలో ఒక అతుకుంది, దాని మీదుగా పోయేటప్పుడు టక్కుమని చప్పుడవుతుంది. అది దాటాక ఎవరిదో జుట్టు క్లిప్పు ఒకటి పడి ఉంది.

ఇంత వివరంగా ఎలా తెలుసని మీరు అడగకముందే చెప్పేస్తాను. మొదటి రోజు మొదటి విసురుకే పడ్డాను. రెండో విసురుకీ పడ్డాను. ఏడోసారి పడేసరికి ఆ క్లిప్పుకీ నాకూ చుట్టరికం కలిసింది. కానీ అది అనుభవం లేని రోజు, లెక్కలోకి రాదు. ఇక మీదట చెప్పేవన్నీ నిజాలే.

సముద్రాలకి అవతల ఒక కార్ఖానాలో నన్ను పోతపోశారు. నాది వంకాయ రంగు. బరువు పద్నాలుగు పౌండ్లు, అంటే ఆరు కిలోల చిల్లర. భూమి నాకంటే కొంచెం ఎక్కువ తూగుతుందని విన్నాను, కానీ వేళ్ళు పెట్టి పట్టుకోవడానికి దానికి మూడు రంధ్రాలు లేవు. నా కడుపులో కరెంటు బల్బు ఆకారంలో బరువైన ముద్ద ఒకటుంది. దొర్లేటప్పుడు నేను ఒక పక్కకి తిరగడానికి అదే సాయం. ఎవరైనా అడిగితే దాన్ని మెదడని చెబుతాను.

పెట్టెలో పడుకుని విశాఖపట్నం వచ్చాను. పెట్టె తెరిచిన మనిషి పేరు చిన్నారావు. నేవీ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఈయన, ఇప్పుడు ఒక మాల్ మూడో అంతస్తులో ఉన్న బౌలింగ్ కేంద్రంలో ఆట నేర్పుతాడు. అందరూ మాస్టారనే పిలుస్తారు. ఆయన ఒక ఆడమనిషి కుడిచేతిని గాజులమ్మేవాడిలా అటూ ఇటూ తిప్పి కొలిచి, ఆ కొలతకి నాకు మూడు రంధ్రాలు తొలిచాడు. పిల్లలకి రెండు చెవులు కుట్టినందుకే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి బెల్లం పెడతారు. నాకు మూడు కుట్టి దుమ్ము ఊదేశారు.

ఆ చెయ్యి నూకరత్నానిది. వయసు ముప్పై ఒకటి. అదే కేంద్రంలో, పడిపోయిన పిన్నుల్ని మళ్ళీ నిలబెట్టే యంత్రం వెనక పదకొండేళ్ళుగా మెకానిక్కు. అందరూ ఈ ఆటని ముందు నుంచి చూస్తే ఆమె వెనక నుంచి చూసింది. మామూలుగా పనివాళ్ళు ఆడకూడదు. కేంద్రం తెరవకముందు, ఎవరూ లేనప్పుడు, అరిగిపోయిన ఒక ఎర్రబంతితో తనకు తాను నేర్చుకుంది. దాన్ని ఎర్రగుండు అంటారు. తొమ్మిదో నంబరు, రంధ్రాల అంచు చిట్లింది, తిన్నగా పోవడం తప్ప ఏమీ రాదు. నేను దానితో మాట్లాడను.

రాష్ట్ర మహిళల జట్టు ఎంపిక ఈసారి ఇక్కడే, ఈ దారుల మీదే పెట్టారు. ఆరు ఆటలాడాలి, నలుగురిని తీసుకుంటారు. మేనేజరు చాలాసేపు గడ్డం గోక్కుని, "ఈ ఒక్కసారికే, రత్నం. మళ్ళీ అడక్కు" అన్నాడు. అంటే ఆదివారం ఆడకపోతే ఇంకెప్పుడూ లేదు. ఆడి ఓడితే తిరిగి యంత్రం వెనక్కి. ఎర్రగుండుతో ఆ నలుగురిలోకి రావడం కుదరదని మాస్టారే నన్ను తెప్పించాడు. శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఎవరు ఏ బంతులతో ఆడతారో రాసివ్వాలి. ఆ తర్వాత మార్చడానికి లేదు. నన్ను పరీక్షించడానికి వాళ్ళకి రెండు పొద్దులు ఉన్నాయి.

గురువారం పొద్దున్న ఏమైందో చెప్పానుగా, ఏడుసార్లు కాలువ.

"మాస్టారూ, ఇది ఎడమకి లాగేత్తంది" అంది రత్నం.

"అది లాగట్లేదే, నువ్వు ఎర్రగుండుకి అలవాటుపడి తిన్నగా ఇసురుతున్నావు. కుడి అంచుకి ఇసురు. కాలవలో పడిపోద్దేమో అన్నంత అంచుకి. అక్కడి నుంచి ఇంటికి దారి దానికి తెలుసు."

కొంచెం వివరంగా చెప్పాలి. ఈ చెక్కదారి మొదటి సగానికి పైగా పల్చగా నూనె పూసి ఉంటుంది. చివర పొడిగా ఉంటుంది. నూనె మీద నేను జారాలి. పొడి తగలగానే నా తోలు, అంటే పైపొర, నేలని పట్టుకోవాలి, పట్టుకుని లోపలికి తిరగాలి, తిరిగి పిన్నుల గుంపులోకి పక్క నుంచి దూరాలి. అందరూ ఎదురుగా చూసే ఇంట్లోకి పెరటి గుమ్మంలోంచి వచ్చినట్టు. నా తోలు పొడిగా ఉన్నంతసేపే ఈ విద్య.

ఎనిమిదో విసురుకి కుడి అంచుకి వెళ్ళాను. కాలువ అంచు తగిలీ తగలనట్టు జారాను. పొడి తగిలింది. తిరిగాను. పది పిన్నులూ ఒకే చప్పుడుతో పడ్డాయి. నేను చూసిన ప్రపంచంలో అంతకంటే గొప్ప సంఘటన జరగలేదు. నేను పుట్టి అప్పటికి నాలుగు నెలలు.

రత్నం నవ్వలేదు. తల పక్కకి వంచి వింది. "ఎనక నించి ఇంటే మూటలు దించినట్టుంటాది. ముందు నించి ఇలగుంటాదా?" అంది.

మాస్టారు ఇంకా బాగా పట్టుకోవాలని గరుకు కాగితంతో నా ఒళ్ళంతా రుద్దాడు. కార్ఖానా పెట్టిన మెరుపు పోయింది. శీతాకాలం మోకాలి చిప్పలా, తెల్లగా పొలుసు లేచినట్టు తయారయ్యాను. ఆ తర్వాత పది విసుర్లలో ఏడుసార్లు పదికి పది. "ఇదే" అన్నాడాయన. "రేపు ఒక్కసారి చూసి రాసిచ్చేద్దాం."

రత్నం నన్ను సంచీలో పెట్టుకుని కంచరపాలెంలో ఇంటికి తీసుకెళ్ళింది. నా కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

రత్నం తల్లి పేరు పారమ్మ. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల పుట్టిన పసిపిల్లలందరికీ నీళ్ళు పోసేది ఆవిడే. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టి, నూనె పట్టించి, ఒళ్ళు సాగదీసి, తల గుండ్రంగా రావడానికి అరచేతుల్తో ఒత్తుతుంది. కంచరపాలెంలో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళ తలలన్నీ ఒకే గుండ్రంలో ఉంటాయని, ఆధార్ కార్డు ఫోటోల దగ్గర గుర్తుపట్టలేక గొడవలయ్యాయని నేను విన్నాను. విన్నదే చెబుతున్నాను.

శుక్రవారం తెల్లారి రత్నం ఇంకా లేవలేదు. పారమ్మ సంచీ తెరిచింది. నన్ను చూసింది. ఒళ్ళంతా తెల్లగా ఎండిపోయిన బోడి తల, రెండు ముక్కు రంధ్రాలు, ఒక నోరు.

"అయ్యో నా తల్లే, తోలెంత ఎండిపోనాదే" అంది.

నేను ఏమీ అనలేదు. అనే అలవాటు లేదు.

పీట వేసుకుంది. కాళ్ళు చాపింది. గోరువెచ్చటి నువ్వుల నూనె గిన్నె పక్కన పెట్టుకుంది. ఆ పావుగంట గురించి నిజం చెప్పమంటే, కార్ఖానాలో గానీ, పెట్టెలో గానీ, దారి మీద గానీ నన్నెవరూ అలా పట్టుకోలేదు. ఆ అరచేతులు నా ఒళ్ళంతా గుండ్రంగా తిరిగాయి. తల ఆకారం సరిచూసింది. అప్పటికే సరిగ్గా ఉండటం చూసి, "ఎవలో బాగా ఒత్తినారు" అని మెచ్చుకుంది. మూడు రంధ్రాల్లోనూ తలా ఒక చుక్క వేసింది. కాటుకతో బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. బుగ్గ ఎక్కడో ఆవిడే నిర్ణయించింది. నా తోలుకి ఉన్న గుణమే నూనె పీల్చడం. గిన్నెడూ పీల్చాను.

తొమ్మిదింటికి దారి మీద రత్నం చేతిలోంచి నేను బయల్దేరాను. నూనె మీద జారాను. పొడి తగిలింది. అక్కడా జారాను. తిరగడానికి నేల దొరకలేదు. రైలు మిస్సయినవాడు ప్లాట్‌ఫారం మీద పరిగెత్తినట్టు తిన్నగా పోయి, కుడి చివర ఒక్క పిన్నుని పడగొట్టి, వెనక గుంటలో పడ్డాను. మళ్ళీ విసిరింది. మళ్ళీ అంతే. రత్నం నిలబడే చోటు మార్చింది, వేగం మార్చింది, చేతిని తిప్పే తీరు మార్చింది. పదిహేను విసుర్లు. ఒక్కసారి కూడా తిరగలేదు. ఆమె మెడ మీద చెమట కనబడుతోంది. ఏసీ కింద నిలబడి.

మాస్టారు నన్ను తీసి, వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నువ్వుల నూనె" అన్నాడు. "ఏటే, దీంతో ఆవకాయ కలిపేరా?"

రత్నానికి అర్థమైంది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. పదకొండేళ్ళు మెషీను దుమ్ములో తిరిగిన మనిషి, అలా కూర్చోవడం మాస్టారు ఎప్పుడూ చూడలేదట. "ఎర్రగుండు పేరు రాసిచ్చేయండి మాస్టారూ" అంది.

"ఐదింటి దాకా టైముంది. ఏణ్ణీళ్ళలో నానబెడితే నూనె కక్కుద్ది. పూర్తిగా కక్కుద్దో లేదో మాత్రం నాను చెప్పలేను."

ఇంటికి పరిగెత్తింది. పారమ్మ గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"దానికి నూనె రాసినావేటమ్మా?"

"కుసింత రాసినాను. ఎండిపోయి ఉన్నాది కదా అని."

"ఎంత?"

"గిన్నెడు."

రత్నం గోడకి ఆనుకుని, "అది ఎండి ఉంటేనే తిరుగుద్దమ్మా. ఇంక తిరగదు. ఆదోరం ఆటకి నాను ఎల్లను" అంది.

పారమ్మ చేతిలోని కాయ సగం తుంచి అలాగే ఆగిపోయింది. తర్వాత లేచింది. "ఏడవకొలే. పెట్టినది నానే, వొదిలించీది నానే. ముప్పయ్యేళ్ళ బట్టి సంటి గుంటలకి వొదిలిత్తన్నాను, ఈ గుంటకి వొదిలించలేనా? బేగి పొయ్యి ఎలిగించు."

ఆ మధ్యాహ్నం నాకు జరిగిన తలంటు ఏ పెళ్ళికొడుక్కీ జరిగి ఉండదు. తొట్టెలో వేణ్ణీళ్ళు. నేను మునిగాను. పద్నాలుగు పౌండ్ల బంతులు తేలవు. కాసేపటికి నా ఒంట్లోంచి బంగారు రంగు నూనె చుక్కలు ఒక్కొక్కటీ పైకి లేచి, నీళ్ళ మీద నక్షత్రాల్లా పరుచుకున్నాయి. పారమ్మ వాటిని గుడ్డతో అద్ది తీసింది. కుంకుడుకాయ రసం, నురగ వచ్చేదాకా. తర్వాత సున్నిపిండి నలుగు. మళ్ళీ వేణ్ణీళ్ళు. మళ్ళీ కుంకుడు. రంధ్రాల్లో గుడ్డ ఒత్తి తిప్పింది. చివర్న సాంబ్రాణి పొగ మీద ఆరబెట్టింది. ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఏ దేవత పేరో వినబడలేదు.

నాలుగున్నరకి మళ్ళీ దారి మీద ఉన్నాను. మొదటి విసురు: కుడి అంచుకి, నూనె మీద, పొడి మీద. తిరిగాను. పదికి పది. మాస్టారు ఒక్క విసురుతో ఆగలేదు, ఆరు చూశాడు. అన్నింటికీ తిరిగాను. నాలుగూ యాభై రెండుకి ఎర్రగుండు నంబరు పక్కన నా నంబరూ రాసిచ్చారు. పెట్టిన దిష్టిచుక్క కుంకుడు రసానికి పోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది నాకు మాత్రమే తెలుసు. బొటనవేలి రంధ్రం అడుగున, ఎక్కడో లోపల, ఒక్క చుక్క నూనె మిగిలిపోయింది. గుడ్డకి అందలేదు, వేణ్ణీళ్ళకి లొంగలేదు. అది గుర్తుపెట్టుకోండి.

ఆదివారం. పారమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. కూతురు విసిరిన ప్రతిసారీ కళ్ళు మూసుకుని, చప్పుడుని బట్టి తెరిచేది. ఐదు ఆటలయ్యేసరికి రత్నం నాలుగో స్థానంలో ఉంది. ఆరో ఆటలో ఐదుకి దిగింది, మళ్ళీ పైకి వచ్చింది, మళ్ళీ దిగింది. మొదటి విసురుకి ఒంటి పిన్నులు మిగిలినప్పుడల్లా, రెండో విసురుకి వాటిని తీయడానికి ఎర్రగుండుని వాడింది. అది తిన్నగా వెళ్ళి తిన్నగా తీసింది. దాని గురించి ఇంకేమీ చెప్పను.

చివరికి ఒక్క విసురు మిగిలింది. పది పడితే నాలుగో చోటు. తొమ్మిది పడితే ఐదో చోటు.

రత్నం నా ఒళ్ళు తుడిచింది. వేళ్ళు పెట్టింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నాలుగు అడుగులు వేసి వదిలింది. అంచుకి వెళ్ళాను. జారాను. తిరిగాను. పిన్నుల్లోకి దూరాను. తొమ్మిది పిన్నులు ఎగిరిపోయాయి. వెనక వరసలో కుడి చివరది, పదో పిన్ను, చుట్టూ ఏమీ జరగనట్టు నిలబడి ఉంది.

ఆ చుక్క నూనె వల్ల. నేను పొడి మీద పట్టుకునే చోట, అదే సమయానికి, అది బయటికి వచ్చి నన్ను వెంట్రుకవాసి జార్చింది. లేకపోతే అది పడేది.

పారమ్మ కళ్ళు తెరిచింది. చప్పుడు పెద్దగానే వచ్చింది కాబట్టి ముందు నవ్వింది. తర్వాత పిన్నుని చూసింది. ఇంటికి వెళ్ళే ఆటోలో అడిగింది, "నూనె ఇంకా ఉండిపోనాదేటే లోపల?"

"నూనె కాదమ్మా."

"మరేటి?"

రత్నం అలసిపోయి రోడ్డు వైపు తిరిగింది. అది చాలు, పారమ్మ జవాబు తానే రాసుకుంది. ఒళ్ళో సంచీలో ఉన్న నేను అదే సరైన జవాబని ఒప్పుకున్నాను. ఎంతో హాయిగా అనిపించింది.

సోమవారం రత్నం యంత్రం వెనక్కి వెళ్ళింది. పారమ్మ నూనె సీసాని అటక మీద పెట్టేసింది. పది రోజుల తర్వాత ఎదురింటి కోడలికి కొడుకు పుట్టాడు. నీళ్ళు పొయ్యడానికి రమ్మని మనిషి వచ్చాడు. "నా సెయ్యి బాగోలేదు నాయనా, ఇంకెవలినన్నా సూసుకోండి" అంది. మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే మాట. మూడోసారి పిల్లాడి నాయనమ్మే వచ్చింది, "నా కొడుక్కి నువ్వే పోసినావు, మనవడికి పొయ్యవేటి?" అని. పారమ్మ అటక వైపు చూడకుండా, "కన్నకూతురికే అచ్చిరాని సెయ్యమ్మా ఇది" అంది. ఆ రోజు నుంచి అన్నం కూడా చెంచాతో తినడం మొదలుపెట్టింది. చూడ్డానికి నవ్వొచ్చేలా ఉండేది. ఎవరూ నవ్వలేదు. రత్నం ఎన్నిసార్లు నూనె కాదన్నా, "నన్ను ఊరుకోబెట్టడానికి అంటన్నావు" అనేది.

నేను మంచం కింద సంచీలో ఉన్నాను. అన్నీ వింటున్నాను. అయినా చుక్క చుక్కే కదా.

ఇవాళ ఆదివారం. పొద్దున్న రత్నం తొట్టె తెచ్చి గుమ్మంలో పెట్టింది. వేణ్ణీళ్ళు పోసింది. తల్లిని చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. నన్ను సంచీలోంచి తీసింది.

"ఆ ఆదోరం ఆట తర్వాత దీన్ని ఎవలూ ముట్టుకోలేదు. నూనె ఉంటే పైకి రావాలి, వొచ్చినాదో లేదో నువ్వే సూడు" అంది.

నన్ను నీళ్ళలో దించింది.

నా జీవితంలో నేను అంత గట్టిగా దేనికీ ప్రయత్నించలేదు. ఒక్క చుక్క. గింజంత. చీమ కన్నంత. నీళ్ళు ఒళ్ళంతా కాలుస్తున్నాయి. బొటనవేలి రంధ్రం అడుగు దాకా వెతుక్కున్నాను. మధ్యవేలి రంధ్రంలో వెతుక్కున్నాను. మెదడని చెప్పుకునే ముద్దలో కూడా వెతుక్కున్నాను. ఒక బుడగ లేచింది. ఇద్దరూ ముందుకి వంగారు. బుడగ పగిలింది. గాలి.

పావుగంట. అరగంట. రత్నం రెండోసారి వేణ్ణీళ్ళు పోసింది. పారమ్మ మొహం నీళ్ళకి జానెడు దూరంలో ఉంది. ఆ నీళ్ళలో నుంచి నాకు ఆవిడ మొహం తేటగా కనబడుతోంది. ముక్కుపుడక కూడా. అంత తేటగా ఉన్నాయి నీళ్ళు.

"ఏదే నూనె?" అంది పారమ్మ.

"లేదు కదా. అప్పుడూ లేదు. ఆ మద్దేన్నం నువ్వు మొత్తం తీసేసినావు."

"మరి ఆ పిన్నేల పడలేదు?"

"బంతి బాగా పడినప్పుడే అది ఒక్కోసారి నిలబడిపోద్దమ్మా. పక్క పిన్ను ఎగిరి, దాన్ని తగలకండా ముందు నించి సుట్టి ఎల్లిపోద్ది. మెషీను ఎనక నించి రోజూ సూత్తాను నాను. ఎవల తప్పూ ఉండదు. ఆ రోజు నాను సరిగ్గానే ఇసిరాను. బంతీ సరిగ్గానే ఎల్లినాది."

పారమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టింది. మూడు వారాల తర్వాత ఆ అరచెయ్యి నా తల మీదుగా గుండ్రంగా ఒక్కసారి తిరిగింది. ఎక్కడా జిగురు తగల్లేదు. చెయ్యి బయటికి తీసి, వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకుంది. తర్వాత అటక వైపు చూసి, "ఆ సీసా దించొలే. ఎదురింట్లో గుంటడు రోజూ కేరుమంటన్నాడు, ఎవల్తో పోయిత్తన్నారో గాని" అంది.

ఇద్దరూ వెళ్ళారు. నన్ను తొట్టెలోనే మరిచిపోయారు. నీళ్ళు చల్లారిపోయాయి.

మీరూ చూశారుగా. చుక్క లేదు. ఎప్పుడూ లేదు. ఆ శుక్రవారమే పారమ్మ ఆఖరి చుక్క దాకా తీసేసింది. ఆదివారం నేను ఏ అడ్డూ లేకుండా, నాకు చేతనైనంత బాగా, వెళ్ళాల్సిన చోటికే వెళ్ళాను. అయినా ఒక పిన్ను నిలబడింది. అంత బాగా వెళ్ళి ఓడిపోయానని ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఒక కారణం వెతుక్కున్నాను. దగ్గర్లో ఒక ముసలమ్మ అరచేతులు కనబడ్డాయి.

ఎదురింట్లోంచి పిల్లాడి ఏడుపు వినబడుతోంది. ఇప్పుడే కొంచెం తగ్గింది.